ఒకే కంప్యూటరున రెండు వ్యవస్థలు

వన్ టౌనులోని మా బాలుర యిండ్లలో కంప్యూటరు సాధారణముగా నొక్కటియే. తండ్రి దుకాణపు పద్దులును, అక్క కళాశాల పనులును, తమ్ముని పాఠములును దానియందే సాగవలెను. పద్దులకు విండోసు కావలెను. కుమారునికి లినక్సు నేర్చుకొన నాశ. ఈ రెంటిని ఒకే యంత్రమున నెట్లు నిలుపవలెనని పై తరగతుల బాలురు మమ్ము నడుగుచున్నారు.

మార్గములు రెండు. డిస్కును విభజించి, ఒక్కొక్క భాగమున నొక్కొక్క వ్యవస్థను నెలకొల్పి, యంత్రము ఆరంభమగునప్పుడు కావలసినదానిని ఎన్నుకొనుట డ్యూయల్ బూట్. విండోసు నడచుచుండగనే, వర్చువల్‌బాక్సు వంటి సాధనముతో దానిలోపల మరియొక యంత్రమును కల్పించి, అందు లినక్సును నడుపుట వర్చువల్ మెషీన్. ఇది నిన్నటి వింత కాదు, ఐ.బి.ఎం. వారు తమ పెద్ద యంత్రములకై 1972లోనే ఇట్టిదానిని ప్రకటించిరి.

డెల్టా రైతుబిడ్డలకు భేదము సులభముగా తెలియును. కాలువ చివర వంతులవారీగా నీరు పెట్టునప్పుడు, వంతు వచ్చిన చేనికి బోదె నీరంతయు దక్కును. డ్యూయల్ బూట్ అట్టిది. ఆ బోదెనే ఒక్కమారుగా రెండు చేలకు మళ్లించుట వర్చువల్ మెషీన్. 4 జీబీ మెమరీ గల యంత్రమున నిట్లు చేసినచో రెండు చేలును ఎండును. 8 జీబీ యున్నచో లినక్సుకు 3 జీబీ విడిచి తృప్తిగా నడుపుకొనవచ్చును.

అయినను మేము మెమరీని మాత్రమే చూచి తీర్పు చెప్పము. రెండేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు డిస్కును విభజించుచు, పొరపాటున తండ్రి పద్దులున్న భాగమును తుడిచివేసెను. వేరొక ప్రతి లేదు. ఆ తండ్రి పాత బిల్లులను ముందు పెట్టుకొని మూడు వారముల రాత్రులు లెక్కలు తిరిగి వ్రాసికొనెను. ఆయన బాలుని దండింపలేదు. కాని యా బాలుడు మరల కంప్యూటరు జోలికి పోలేదు. పద్దులు తిరిగి వచ్చినవి గాని, వాని యుత్సాహము తిరిగి రాలేదు.

కావున నేర్చుకొనువాడు వర్చువల్ మెషీనుతోనే ఆరంభింపవలెనని మా దృఢమైన యభిప్రాయము. అందు వాడు చెరిపినను చెడునది కల్పిత డిస్కే; ముందుగా స్నాప్‌షాటు తీసియుంచినచో కొలది నిమిషములలో పూర్వస్థితి వచ్చును. ఇంటి ఫోల్డరులను దానితో పంచుకొన్నచో మాత్రము ఈ రక్షణ సడలును. మా పత్రిక పాత పుటలు పేజ్‌మేకరున అనూ అక్షరములతో కూర్చబడినవి. వానిని తెరచుటకు మేమును విండోసు ఎక్స్‌పీని, 2014లో మద్దతు ముగిసినది గనుక ఇంటర్నెట్టు తగులనీయక, ఇట్టి కల్పిత యంత్రమునందే యుంచుకొన్నాము.

మెమరీ చాలని యంత్రము గలవానికిని, సాయంకాలమంతయు లినక్సులోనే పని చేయువానికిని డ్యూయల్ బూటే తగును. వాడు మొదట పద్దులను, ఛాయాచిత్రములను బయటి డిస్కునకు ఎక్కించి, ఆ ప్రతి తెరచుకొనుచున్నదని తండ్రికి చూపవలెను. విండోసునందలి ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపవలెను. లేనిచో ఆ భాగము సగము నిద్రలోనే యుండి, లినక్సు దానిపై వ్రాయబోవునప్పుడు చిక్కు కలుగును. తరువాత విండోసు గడియారము ఐదున్నర గంటలు వెనుకబడినట్లు కనబడినచో యంత్రము చెడినదని తలంపవలదు. లినక్సు యంత్రపు గడియారమును విశ్వకాలమున నుంచును, విండోసు దానినే మన కాలముగా చదువును. లినక్సులో నొక్క యమరిక మార్చిన సరిపోవును.