ఫొటో చూసి పేరు చెబితే చాలా?

2025 సెప్టెంబరులో మన దేశం నుంచి ఏడు ప్రకృతి స్థలాలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. దాంతో జాబితాలో మన స్థలాలు 69 అయ్యాయి. కొత్తవాటిలో నాలుగు మన పిల్లలకు దగ్గరివే: మహారాష్ట్రలో పంచగని, మహాబలేశ్వరం లావా రాళ్లు, కర్ణాటకలో ఉడుపి తీరాన సెయింట్ మేరీస్ దీవులు, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు. ఇక క్విజ్‌లలో వీటి ఫొటోలు చూపించి పేరు అడగడం మొదలవుతుంది. అక్కడితో ఆగిపోవడమే మాకు నచ్చనిది.

సెయింట్ మేరీస్ ఫొటో చూపిస్తే పిల్లలు ‘పాత గుడి స్తంభాలు’ అంటారు. చెక్కినట్టే ఉంటాయి మరి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి, పగిలి, పలకల స్తంభాలైంది. ఎండిన చెరువులో నెర్రెలు చూసిన పిల్లవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. పోటీలో ప్రశ్న కన్నడంలోనో మరాఠీలోనో రావచ్చు. ఆ నెర్రెల సంగతి ఇంటి భాషలో తెలిసి ఉంటే జవాబు ఏ భాషలోనైనా రాస్తాడు.

ఎర్రమట్టి దిబ్బల ఫొటోకు తూత్తుకుడి వైపు పిల్లలు ‘తేరి’ అని జవాబిస్తే? క్విజ్ లెక్కన తప్పు. కానీ తమిళనాడు తేరి ఇసుక, మన దిబ్బలు ఒకే కోవకు చెందిన తీరప్రాంతపు ఎర్ర ఇసుక మేటలు. మేమైతే సగం మార్కులు కాదు, పూర్తి మార్కులే వేస్తాం.

నీటి ఫొటోలు ఇంకా తికమక పెడతాయి. 2020 జూన్‌లో మహారాష్ట్రలోని లోణార్ సరస్సు గులాబీ రంగుకు మారింది. ఫొటోకు రంగు పూశారనుకుంటారు పిల్లలు. ఉల్క పడిన గుంటలో నిలిచిన ఉప్పునీరు అది. ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు పెరిగి ఆ రంగు తెచ్చాయి. అదే ఏడాది నవంబరులో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది.

తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. తాత్కాలిక జాబితా అంటే వారసత్వ హోదా కాదు, దరఖాస్తుకు ముందు మెట్టు. కనీసం ఏడాది అందులో ఉన్నాకే హోదాకు ప్రతిపాదన పంపగలరు. పేరు ఎక్కినంత మాత్రాన రక్షణ రాదు. ఎర్రమట్టి దిబ్బలను భారత భూగర్భ సర్వే సంస్థ 2014లోనే భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా 2024లో అక్కడ యంత్రాలతో తవ్వారన్న వివాదం రేగింది.

సెలవుల్లో చాలా కుటుంబాలు తిరుమల వెళ్తాయి. ఘాట్ రోడ్డులో కింద పాత గ్రానైట్, దానిమీద ఇసుకరాయి గట్టిపడిన క్వార్ట్జైట్ కనిపిస్తాయి. రెంటి మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ. కొండమీద శిలాతోరణం దగ్గర ఫొటో తీస్తే పక్కన మనిషి కూడా పడేలా తీయండి. తోరణం ఎంత ఎత్తో తరగతిలో పిల్లలే లెక్క వేస్తారు.