డూప్లికేటు

విజయవాడ ఆటోనగర్‌లోనైనా సరే, సికిందరాబాదు రాణీగంజ్‌లోనైనా సరే, స్కూటరుకు బ్రేకు షూ కావాలని అడిగి చూడండి. కౌంటరు వెనక కుర్రవాడు ముందు సామాను చూపించడు, ప్రశ్న వేస్తాడు: "ఒరిజినలా, డూప్లికేటా, మాస్టారూ?"

ఇంత నిజాయితీ మరే బజారులోనూ లేదు సుమండీ! నెయ్యి అమ్మేవాడు "అసలుదా, కలిపినదా?" అని అడగగా ఎప్పుడైనా విన్నామా?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక, నా తగాదా ఆ రెండో మాటతోనే. డూప్లికేటు అనే ఒక్క మాట కింద మనవాళ్ళు రెండు రకాల సరుకును కట్టేశారు. ఏదో చిన్న కార్ఖానావాడు తన పేరే అచ్చువేసుకుని అమ్మేది ఒకటి. పెద్ద కంపెనీ పేరూ, ముద్రా, డబ్బా రంగూ దొంగిలించి అమ్మేది రెండోది. మొదటివాడి సామాను బాగుండవచ్చు, బాగుండకపోవచ్చు. అంతమాత్రాన వాడు దొంగ కాడు. రెండోవాడికి 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు రాసి ఉన్నది. ఇద్దరినీ ఒకే పేరుతో పిలుస్తూ ఉంటే కొనేవాడికి తేడా తెలిసేదెలా?

ఒరిజినల్ సంగతీ అంత తేట కాదు. బండి కంపెనీ ప్రతి మరమేకూ తానే చెయ్యదు. ప్లగ్గు ఒకరు, చెయిను ఒకరు, బేరింగు మరొకరు చేసి ఇస్తారు. అదే ప్లగ్గు చేసినవాడి సొంత డబ్బాలో తరచు చవకగా దొరుకుతుంది. అది డూప్లికేటు కానే కాదు. (1951లో పుట్టిన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, "మైకో ప్లగ్గు" అనే అడిగే పాతకాపులు ఇంకా ఉన్నారు.)

సీటు కవరు ఎవరిదైతేనేం? బ్రేకు సంగతి వేరు. షూ మీది లైనింగు నాసిరకమైతే వేడెక్కి పట్టు వదులుతుంది; ఒక్కొక్కప్పుడు ఊడే వస్తుంది. దుకాణంలో రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. తేడా తెలిసేది రోడ్డు మీద, లారీ వెనక. మా ఇంట్లో ఆ బండి నడిపేది మా అమ్మాయి.

అందుచేత నేను పాత షూ సంచిలో వేసుకునే వెళతాను. ఒకే బండికి ఏడాది మారితే కొలత మారవచ్చు. డబ్బా మీద పార్టు నంబరు, చేసినవాడి చిరునామా, నెల, ధర చూస్తాను. ఆ పైన బిల్లు అడుగుతాను. "బిల్లయితే టాక్సు పడుతుందండీ" అనడం అక్కడ మామూలు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జి.ఎస్.టి. 18 శాతం, డబ్బా మీది గరిష్ఠ ధరలో అది కలిసే ఉంటుంది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే.

మొన్న ఒక దుకాణంలో, "బిల్లు మీద కంపెనీ పేరూ, పార్టు నంబరూ కూడా వెయ్యండి" అన్నాను. పెద్దాయన నా వంక ఒకసారి చూశాడు. చేతిలో డబ్బా మారుమాట లేకుండా లోపల పెట్టేసి, పై అరలోంచి మరొకటి తీసి, దానికి బిల్లు రాశాడు.