ఒక్క వాలుగీత... ఎంత పని చేస్తుందో!

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్నారా? మొదటిరోజు హాయిగానే గడిచిపోతుంది. డబుల్ కోట్స్ మధ్య నమస్కారం అని రాసి ప్రింట్ చేయమంటే కంప్యూటర్ బుద్ధిగా చేసేస్తుంది. అసలు పేచీ రెండోరోజు మొదలవుతుంది. సీత అన్న మాటని కోట్స్‌తో సహా తెరమీద చూపించాలనుకుని, పైథాన్‌లో ఇలా రాశారనుకోండి:

"సీత "వస్తా" అంది"

వెంటనే ఎర్రర్! మన కంటికి తప్పేమీ కనపడదు. మరి కంప్యూటర్‌కి ఏమొచ్చింది?

దానికి కోట్ మార్కంటే పొలం గట్టుమీది సరిహద్దు రాయి. మొదటి కోట్ దగ్గర మాటలు మొదలు, రెండో కోట్ దగ్గర ఆఖరు. అంటే ‘సీత’తోనే దాని లెక్క ముగిసిపోయింది. తర్వాత వచ్చిన ‘వస్తా’ ఏమిటో అర్థంకాక చేతులెత్తేస్తుంది. ఇలా కోట్స్ మధ్య రాసేదాన్నే ‘స్ట్రింగ్ లిటరల్’ అంటారు.

దీనికి మందు... బ్యాక్‌స్లాష్ అనే వాలుగీత.

"సీత \"వస్తా\" అంది"

‘నా పక్కనున్నది సరిహద్దు రాయి కాదు, మామూలు గుర్తే’ అని చెప్పడం దాని పని. చెప్పేసి తను తప్పుకుంటుంది, తెరమీద కనపడదు. ఇదే ‘ఎస్కేప్ క్యారెక్టర్’. 1970ల్లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాష దీన్ని ఇలా వాడుకుంది. జావా, జావాస్క్రిప్ట్, పైథాన్ అదే బాట పట్టాయి.

వాలుగీత మామూలు అక్షరాలకు కొత్త అర్థం కూడా ఇస్తుంది. పక్కన ‘ఎన్’ ఉంటే కొత్త లైను, ‘టి’ ఉంటే ట్యాబ్ ఖాళీ. విండోస్‌లో ఫోల్డర్ల చిరునామా రాసేటప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇంగ్లిష్ ‘ఎన్’తో మొదలయ్యే ‘న్యూ’ ఫోల్డర్ ముందు ఒక్క వాలుగీతే పెడితే చిరునామా మధ్యలో విరిగి రెండు లైన్లవుతుంది. నిజంగా ఒక వాలుగీత కావాలంటే రెండు రాయాలి మరి!

‘ఇంత చిన్నదానికి ఇంత గొడవా’ అనుకోకండి. డేటాబేస్‌లతో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాషలో మాటలకు సరిహద్దు సింగిల్ కోట్. వెబ్‌సైట్‌లో పేరు అడిగిన గడిలో ఓ దుండగుడు కోట్ పెట్టి, దాని వెనక తన ఆజ్ఞ రాశాడనుకోండి. ప్రోగ్రామర్ జాగ్రత్తపడకపోతే కంప్యూటర్ ఆ ఆజ్ఞనూ పాటించేస్తుంది. దీని పేరు ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’. 2015లో బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి సుమారు 1,57,000 మంది ఖాతాదారుల వివరాలు చోరీ అయ్యింది ఈ దారిలోనే. మర్నాటి ఏడాది ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. అందుకే పరాయివాళ్లు టైపు చేసిన మాటల్ని ఆజ్ఞలో అతికించకుండా, పారామీటర్లుగా విడిగా పంపడం మొదటినుంచీ అలవాటు చేసుకోవాలి.

చివరగా ఓ చిన్న పరీక్ష. పైథాన్‌లో కోట్స్ మధ్య వాలుగీత, ‘ఎన్’ రాసి ‘లెన్’తో పొడవు అడగండి. మీరు నొక్కింది రెండు మీటలు. జవాబు మాత్రం 1! ఎందుకో మీకే తెలిసిపోతే... ఈ పాఠం వచ్చేసినట్టే.