ఆపిలు వెన్నయు, మన తాటిపండును

అమెరికా దేశమునందు పెన్సిల్వేనియా సీమలో నివసించు జర్మను వంశీయులగు రైతులు ఆకు రాలు కాలమున "ఆపిల్ బటరు" అను పదార్థమును చేయుదురు. పేరున వెన్న యున్నను దానిలో వెన్న యేమియు లేదు. రొట్టెపై వెన్నవలె పూయుదురు గావున ఆ పేరు వచ్చినది. ఆపిలు పండ్లను ముక్కలుగా కోసి, ఆపిలు రసముతో పెద్ద రాగికాగునందు పోసి, పొడవైన కొయ్యతెడ్డుతో అడుగంటకుండ త్రిప్పుచు, ఉదయము మొదలు సాయంకాలము వరకు సన్నని సెగపై ఉడికింతురు. నీరిగిరి, చక్కెర ముదురురంగునకు తిరిగి, గుజ్జు చిక్కబడును. ఇరుగుపొరుగువారు కూడి వంతులవారీగా తెడ్డు త్రిప్పుట అచ్చటి వాడుక. అంగడికి చెల్లని పండు సయితము ఆ కాగులో చేరి చలికాలమంతయు ఆహారమగును.

ఈ సంగతి విని మనమును ఆపిలు వెన్న చేసికొందమని యుత్సాహపడు బాలబాలికలు కొందరుందురు. నా అభిప్రాయమేమనగా, మనము నేర్వవలసినది ఆపిలును గాదు, ఆ కాగును, ఆ తెడ్డును, ఆ వంతును. ఆపిలు చెట్టునకు శీతకాలమున వందలకొలది గంటల చలి కావలెను. మైపాడు, కృష్ణపట్టణము మొదలగు మన తీరగ్రామములలో అట్టి చలి యెన్నడును లేదు. నెల్లూరి అంగళ్లలోని ఆపిళ్లు హిమాచలము నుండియో కాశ్మీరము నుండియో విదేశముల నుండియో వచ్చినవి. వాటిని వెలపెట్టి కొని గంటలకొలది ఉడికించుట పొదుపును నేర్పు పద్ధతిని దుబారాకు వాడుట యగును.

ఇచ్చట శామ్యూల్ స్టోక్సు అను నాయన చరిత్రము స్మరింపదగినది. ఆయన ఫిలడెల్ఫియా పట్టణమువాడు. కుష్ఠరోగుల సేవకై 1904వ సంవత్సరమున మన దేశమునకు వచ్చి, సిమ్లా కొండలలో స్థిరపడి, 1916 ప్రాంతమున కోట్‌గఢ్ సీమలో అమెరికా ఆపిలు మొక్కలను నాటించెను. నేడు ఆ కొండప్రజలలో పెక్కుమందికి ఆపిలు తోటయే జీవనాధారము. తన దేశపు మొక్కను తెచ్చుటయందు గాక, ఆ నేలకు ఏది తగునో తెలిసికొనుటయందు ఆయన బుద్ధికుశలత యున్నది. ఆ ప్రశ్ననే మన ఇసుకనేలను గూర్చి మనము వేసికొనినచో, తాడిచెట్టే సమాధానము చెప్పుచున్నది.

వేసవిలో ముంజెలకు గిరాకి కలదు. శ్రావణ భాద్రపదములలో పండు రాలునప్పటికి దానిని అడుగువారు అరుదు. కొన్ని పండ్లను కాల్చి తిందురు. కొన్నిటిని తేగలకై పాతుదురు. తక్కినవి చెట్టుక్రిందనే కుళ్లును. దానికంటె విచారకరమైన సంగతి మరియొకటి కలదు. రొట్టెపై అంగడి జాము పూసికొని వచ్చిన బాలుడు దానిని పదిమందికి చూపును. ఇంట తాటిపండు తిన్న బాలుడు ఆ మాట చెప్పుటకే సిగ్గుపడును. 2011వ సంవత్సరపు ఆహార నియమముల ననుసరించి సామాన్యమైన జాములో పండు నూటికి 45 పాళ్లున్న చాలును. కరగిన పదార్థములు మాత్రము, వానిలో చక్కెరయే ప్రధానము, 65 పాళ్లకు తగ్గరాదు. అనగా మనము గౌరవించునది పండును గాదు, చక్కెరను. తాటిగుజ్జునకు ఆ పసుపురంగు నిచ్చునది కెరోటిను వర్గపు పదార్థము. దేహమునకు మేలుచేయు దానిని కాలదన్ని, రంగుకాగితము చుట్టిన సీసాకు మ్రొక్కుట వివేకమగునా?

ఇక చేయు విధము. మిగుల పండిన పండ్లను తెచ్చి, నల్లని తోలు తీసి, టెంకలను కొంచెము నీటితో పిసికి, పీచు రాకుండ పలుచని గుడ్డలో వడకట్టవలెను. కొన్ని చెట్ల పండు చేదుగా నుండును గావున ముందుగా రుచిచూచి తీపిపండ్లనే ఏరుకొనవలెను. కిలో గుజ్జునకు పావుకిలో తాటిబెల్లమును, రెండు మూడు నిమ్మకాయల రసమును చేర్చి, అడుగు మందముగల పాత్రలో సన్నని సెగపై త్రిప్పుచుండవలెను. చిక్కబడుకొలది గుజ్జు చిటపట చిందును గాన చిన్నపిల్లలను దూరముగా నుంచవలెను. ఒక చెంచాడు చల్లని పళ్లెములో వేసి చూడగా చుట్టును నీరు ఊరనిచో పాకము సిద్ధమైనట్లు. దోసెతోను, రొట్టెతోను, పెరుగన్నముతోను ఇది చక్కగా నుండును.

ఒక హెచ్చరికను మాత్రము తలిదండ్రులు శ్రద్ధగా చదువవలెనని ప్రార్థన. ఆపిలులో సహజముగా పులుపు కలదు. తాటిగుజ్జులో అది స్వల్పము. పులుపు చాలని గుజ్జును గాలి చొరని సీసాలో బిగించి దాచినచో, బొట్యులినము అను సూక్ష్మజీవి పెరిగి ప్రాణాంతకమగు విషమును పుట్టింపవచ్చును. ఆ విషము వాసనవలన గాని రుచివలన గాని తెలియకపోవచ్చును. కావున ఆపిలు వెన్నను సీసాలలో నిలువచేయుటకు అమెరికా పుస్తకములలో చెప్పిన విధి మన తాటిపండునకు చెల్లదు. నిమ్మరసము వేసినను దీనిని కొలదిగా చేసి, శీతలపేటికలో నుంచి, కొన్ని దినములలో ముగింపవలెను. చిరకాలము నిలువ కావలెనన్నచో తాండ్రయే మార్గము. విజయనగరము జిల్లాలోని భీమాలి గ్రామమువారు మామిడిరసమును చాపలపై పొరమీద పొరగా ఎండబెట్టి చేయు తాండ్రకు పేరు గాంచిరి. వైశాఖపు మామిడికి ఎండ తోడగును. మబ్బులు క్రమ్ము భాద్రపదమున పండు తాటిపండునకు పొయ్యి తోడు కావలెను. అంతియే భేదము.

"ఇంత శ్రమ యెవరు పడుదురు? వంటవాయువు ధర యెంత?" అని కొంద రడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒంటరిగా ఒక తల్లి పొయ్యిముందర గంటలకొలది నిలిచి చేయవలసినదైనచో, నేను దీనిని బోధింపను. పెన్సిల్వేనియావారి కాగు ఉత్సవమగుట చేతులు మారుటవలననే. మగపిల్లలును తెడ్డు పట్టవలెను; నాలుగిండ్లవారు కలిసి ఒక్క పొయ్యిపై చేసికొనవలెను. ఒక్కరి నెత్తిన పడినది చాకిరి. పదిమంది పంచుకొన్నది వేడుక.

ఇందులో రుచికంటె పెద్ద సంగతి యిమిడియున్నది. పెంటితాడు కాపునకు వచ్చుటకు పండ్రెండు పదునైదేండ్లు పట్టును. దానిని నరకుటకు అరగంట చాలును. ఫలమునకు విలువలేని చెట్టుపై గొడ్డలి త్వరగా పడును. 1989 నవంబరులో కావలి చేరువను తీరము దాటినట్టి తుపానులు వచ్చు ఈ సీమలో, గాలికి నిలుచు తాడిని పోగొట్టుకొనుట మనకు చేటు. చెట్టును కాపాడుడని గోడపై వ్రాసినంత మాత్రమున చెట్టు నిలువదు. దాని పండు మన పళ్లెములో గౌరవము పొందిననాడు నిలుచును.

కావున రాబోవు భాద్రపదమున ఒక శనివారము మన పాఠశాలలో ఒక కాగును పెట్టింపవలెనని పెద్దలకు మనవి చేయుచున్నాను. తీరగ్రామముల పిల్లలు పండ్లను తెత్తురు. పైతట్టు గ్రామముల పిల్లలు నిమ్మకాయలను తెత్తురు. ఉపాధ్యాయులును విద్యార్థులును వంతులవారీగా తెడ్డు త్రిప్పుదురు. ఇంట తాటిపండు తిన్నానని చెప్పుటకు సిగ్గుపడిన బాలుడు ఆ దినమున ఏ పండు తీపియో ఏది చేదో తక్కినవారికి నేర్పు గురువగును.