ఇంట్లో తెర, కడలి ఆవల మెదడు

విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కిన ప్రయాణికుడు అండమాన్ దీవులు చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ దీవులలో అమ్ముడయ్యే బియ్యం, పప్పులు, సిమెంటు, మందులు, పుస్తకాలు చాలావరకు ఇలా సముద్రం దాటి రావలసినవే. తుఫాను లేచి ఓడ ఆగిపోతే అంగడిలో ధరలు లేస్తాయి. కనుక రావలసిన సరుకుకూ ఇంట ఉన్న సరుకుకూ గల భేదం ద్వీపవాసికి ఎవరూ బోధించవలసిన పనిలేదు.

ఈ పాత అనుభవం ఇప్పుడొక కొత్త వస్తువు విషయంలో అక్కరకు వచ్చే కాలం వచ్చింది. ఆ వస్తువు కంప్యూటరు. ఇంతకాలం కంప్యూటరు కొన్నవారి బల్లమీదనే దాని మెదడు, దాని గాదె రెండూ ఉండేవి. ఇప్పుడు ఆ రెంటినీ ఎక్కడో దూరాన, మరొకరి భవనంలో ఉంచి, ఇంట్లో తెరను, మీటల పలకను మాత్రం మిగిల్చే పద్ధతి వ్యాపిస్తున్నది. ఇంటర్నెట్ ఆధారంగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే స్థూలంగా ఇదే. ఇందులో సౌకర్యమెంత, పరాధీనత ఎంత అన్నది తేల్చుకోవడానికి అండమాన్ నికోబార్ దీవులకన్నా తగిన పరీక్షాస్థలం మన దేశంలో దొరకడం కష్టం.

పాత ఊహకు కొత్త రూపం

ఆపరేటింగ్ సిస్టమ్ కచేరీలోని పెద్ద గుమాస్తా వంటిది. ఏ పని ముందు జరగాలి, ఏ కాగితం ఏ అరలో ఉండాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నవన్నీ చూసుకొనేది అదే. మీట నొక్కితే తెరమీద అక్షరం కనబడడం మొదలు, రాసిన ఉత్తరాన్ని భద్రపరచడం వరకు దాని ప్రమేయం లేని పని లేదు. మామూలు కంప్యూటరులో ఈ గుమాస్తా యంత్రంలోనే కాపురముంటాడు. కొత్త పద్ధతిలో అతడు ఇంటి దగ్గర తలుపు తీసే పని మాత్రం చేసి, మిగతా పనులకు దూరాన ఉన్న పెద్ద కచేరీకి కబురు పంపుతాడు. లెక్కలు చాలావరకు అక్కడే జరుగుతాయి. కాగితాలు అక్కడే ఉంటాయి. ఫలితం ఇంటి తెరమీదకు వస్తుంది.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శతవార్షికోత్సవాలలో జాన్ మెకార్తీ అనే శాస్త్రజ్ఞుడు, టెలిఫోను వలెనే గణనశక్తి కూడా ఒకనాడు ప్రజోపయోగ సేవగా అందవచ్చునని సూచించాడు. ఆ దశాబ్దంలోనే ఒక పెద్ద యంత్రానికి అనేక టెర్మినళ్లను తగిలించి పలువురు ఏకకాలంలో వాడుకొనే ఏర్పాట్లు వచ్చాయి. మన దేశంలో సామాన్యుడు ఈ పద్ధతిని బాగా ఎరిగింది రైల్వే రిజర్వేషన్ కిటికీ దగ్గర. కిటికీ లోపలి తెరకు స్వంత తెలివి స్వల్పం. బెర్తుల లెక్క అంతా కేంద్ర కంప్యూటరులో ఉంటుంది. 1994లో సికిందరాబాదులో మొదలైన 'కన్సర్ట్' అనే ఏర్పాటు క్రమంగా దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపింది. రైలు పట్టాయే లేని పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుని రైలు టిక్కెట్టు రిజర్వు చేసుకోగలగడం ఈ పద్ధతి మహిమే.

వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక మెదడు ఇంటికి చేరింది. ఇంటర్నెట్ వేగం పుంజుకోగానే మళ్లీ తిరుగు ప్రయాణం కట్టింది. 2009 జులైలో గూగుల్ సంస్థ క్రోమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించింది. దానితో నడిచే క్రోమ్‌బుక్‌లు 2011 జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. 2021లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్‌ను దూరపు యంత్రంలో నడిపి చందాదారు తెరమీద చూపే సేవను ప్రారంభించింది. ఇంట్లోని టెలివిజన్‌నే కంప్యూటరుగా వాడుకొనే జియో పీసీ 2025లో మన దేశంలో వెలువడింది.

కడలి అడుగున దారం

ఈ పద్ధతికి ప్రాణం దారిలో ఉన్నది. దారి ఇరుకైతే యంత్రం నీరసిస్తుంది. దారి మూసుకుపోతే యంత్రం మూగబోతుంది.

2020 వరకు అండమాన్ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహాల ద్వారానే అందేది. భూస్థిర ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దీవిలో పుట్టిన కబురు పైకి పోయి, ప్రధాన భూభాగంలో దిగి, సమాధానం మళ్లీ అదే దారిన తిరిగి రావాలంటే 1,44,000 కిలోమీటర్లు తిరగాలి. కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను పడుతుంది. ఒక ఉత్తరానికి అర సెకను లెక్కలోనిది కాదు. కాని నొక్కే ప్రతి మీటకూ అర సెకను ఆగవలసి వస్తే రాసేవాడి ఓపిక నశిస్తుంది. పైగా ఆ సన్నని దారిలోనే కార్యాలయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, విద్యార్థులు, పర్యాటకులు అందరూ సర్దుకోవలసి వచ్చేది.

ఈ స్థితిని మార్చింది చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్. దానికి 2018 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభోత్సవం చేశారు. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. బి.ఎస్.ఎన్.ఎల్. నిర్వహించిన ఈ పథకం పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కామోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలిపింది. వెంట్రుక వంటి గాజు తంతువులో కాంతి చెన్నైకి పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. కాని ఊరి బతుకులో పేరుకన్నా ముందు వచ్చిన పెద్ద మార్పు ఈ దారమే.

వరం అనిపించే సంగతులు

ఇంటర్నెట్ ఆధారిత యంత్రం ఇటువంటి చోట ఎందుకు ఆకర్షణీయమో ఊహించడం కష్టం కాదు. ఉప్పుగాలి, తేమ, ఎడతెగని వానలు సున్నితమైన యంత్ర భాగాలకు శత్రువులు. చెడిపోయిన భాగానికి బదులు కావాలంటే ఓడకో విమానానికో ఎదురుచూడాలి. లోపల సరంజామా తక్కువగా ఉన్న యంత్రం చౌకగా వస్తుంది. అది పాడైనా మరొక యంత్రం ముందు కూర్చుని సంకేతపదం చెప్పగానే ఉత్తరాలు, లెక్కలు, బొమ్మలు యథాతథంగా ప్రత్యక్షమవుతాయి. కొత్త ప్రోగ్రాములు తెచ్చి అమర్చే శ్రమ, వైరస్‌లను వెదికి ఏరే శ్రమ చాలావరకు తప్పుతాయి.

విద్య విషయంలో ఈ ప్రయోజనం మరీ విలువైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3,80,000. అందులో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వలసవచ్చిన మత్స్యకారుల కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. అక్కడి బాలిక చౌక యంత్రం ముందు కూర్చుని, హైదరాబాదులోని విద్యార్థి వాడే గ్రంథాలయాన్నీ ప్రోగ్రామునూ తానూ వాడుకోగలిగితే, బంగాళాఖాతం వెడల్పు ఆ మేరకు తగ్గినట్లే.

ఒకే ఉదయం నేర్పిన రెండు పాఠాలు

ఈ వాదానికి తిరుగులేని బలం చేకూర్చే ఉదాహరణా, దానికి గట్టి హెచ్చరిక అయ్యే ఉదాహరణా ఒకే రోజున దొరుకుతాయి. అది 2004 డిసెంబరు 26.

ఆ ఆదివారం ఉదయం ఆరున్నర గంటల ప్రాంతంలో సుమత్రా దగ్గర సముద్రం అడుగున మహాభూకంపం పుట్టింది. వెంటనే లేచిన సునామీ నికోబార్ తీరాలను తుడిచిపెట్టింది. కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరం ధ్వంసమైంది. దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం మొదలు నీటిలో మునిగింది. ఒడ్డున ఉన్న ఇళ్లతో పాటు ఆ ఇళ్లలో భద్రంగా దాచుకున్నవన్నీ కెరటాల పాలయ్యాయి. దస్తావేజు గానీ కంప్యూటరు గానీ ఒడ్డునే ఉంటే ఒడ్డుతోనే పోతుంది. వాటి ప్రతి ఒకటి వేయి కిలోమీటర్ల దూరాన ఉంటే మనిషి బతికి బయటపడిన తరువాత తన హక్కును రుజువు చేసుకోగలడు. ఇది మొదటి పాఠం.

రెండవ పాఠం హైదరాబాదుకు సంబంధించినది. అక్కడి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం ఆ నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో మకాం చేసి, ప్రపంచంలోని రేడియో అభిరుచిగల వారితో సంభాషిస్తున్నది. సునామీ తరువాత టెలిఫోన్లు మూగబోయిన వేళ, వినోదం కోసం తెచ్చిన ఆ రేడియో పరికరాలే దీవుల గొంతు అయ్యాయి. ఆప్తుల క్షేమసమాచారాలు, సహాయక చర్యలకు సంబంధించిన కబుర్లు వాటి మీదుగా ప్రధాన భూభాగానికి చేరాయి. కారణం సులభం. ఆ పరికరం తన పని చేయడానికి ఎక్కడో ఉన్న మరొక యంత్రం అనుమతి కోరదు. విద్యుత్తు, ఒక తీగ, దానిని నడపగల మనిషి ఉంటే చాలు.

దూరాన దాచినది దక్కుతుంది. దగ్గర ఉన్నది పనిచేస్తుంది. ఇంటర్నెట్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి దానిని సమృద్ధిగా ఇస్తుంది. రెండవ దానిని మనకు తెలియకుండానే తీసుకుపోగలదు.

సముద్రపు కేబుల్ తెగడం కేవలం ఊహ కాదు. 2022 జనవరి 15న టోంగా దీవుల వద్ద అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపే కేబుల్ తెగింది. ప్రధాన ద్వీపానికి దానిని పునరుద్ధరించడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అండమాన్ దీవులు భూకంప రేఖమీద ఉన్నవని గుర్తుంచుకుంటే ఈ ఉదాహరణ దూరదేశపు వార్త అనిపించదు.

తాళంచెవి ఎవరి చేతిలో?

దారి తెగడం ఒక భయం. దారి బాగానే ఉండి, అవతలివారు తలుపు మూయడం మరొక భయం.

2009 జులైలో అమెరికాలో అమెజాన్ సంస్థ, తాను అమ్మిన జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని పాఠకుల చేతిలోని కిండిల్ యంత్రాల నుంచి వారికి చెప్పకుండా తొలగించింది. అమ్మినవారికి ప్రచురణ హక్కు లేదన్నది కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు, క్షమాపణ చెప్పారు. అయినా కొన్న పుస్తకం రాత్రికి రాత్రి అల్మరా నుంచి మాయమవుతుందని పాఠకులకు అంతకు ముందు తెలియదు. ఆ పుస్తకాలలో ఒకటి '1984' కావడం విధి చేసిన పరిహాసం. అదే ఏడాది అక్టోబరులో సైడ్‌కిక్ అనే ఫోను వాడేవారి చిరునామాలు, చిత్రాలు దూరపు సర్వర్లలో గల్లంతయ్యాయి. తరువాత చాలావరకు దొరికాయి గాని, తమ స్వంత వస్తువు తమ దగ్గర లేదన్న సంగతి వారికి ఆ రోజులలో బాగా తెలిసివచ్చింది.

మన దేశంలోనే ఇంకా ఇటీవలి ఉదాహరణ ఉన్నది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించిన తరువాత, గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజులకు సేవలు తిరిగి వచ్చాయి. అంతటి సంస్థకు న్యాయవాదులుంటారు. రంగత్‌లో చిన్న దుకాణం నడిపే వ్యక్తి ఖాతా ఏ పొరపాటు వల్లనో మూతపడితే అతడు ఏ తలుపు తట్టాలి?

గోప్యత కూడా ఈ సందర్భంలో ఆలోచించవలసినదే. మరొకరి గాదెలో దాచిన ధాన్యాన్ని గాదె యజమాని చూడగలడు, కొలవగలడు. వ్యక్తుల సమాచార రక్షణ కోసం పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టం అవసరమే. అయితే ఇంటి పెట్టెకు తాళం వేసుకొనే అలవాటును చట్టం మాన్పించకూడదు.

ఇంట గాదె ఉండవలె

అయితే ఈ యంత్రాలను తిరస్కరించాలా? అది అవివేకం. ఓడ ఆగుతుందని ఓడలు మానుకున్న ద్వీపం లేదు. చేయవలసినది ఓడ ఆగినా పొయ్యి వెలిగే ఏర్పాటు.

ఆ ఏర్పాటు అసాధ్యమైనది కూడా కాదు. ఈ యంత్రాల తయారీదారులు తామే తొలి మొండితనం వదులుకొని, ఇంటర్నెట్ లేని వేళ కూడా రాతపని సాగే వీలు 2012 నుంచి క్రమంగా కల్పించారు. పాఠశాలకో కార్యాలయానికో యంత్రాలు కొనేటప్పుడు ధరతో పాటు మరో ప్రశ్న అడగాలి: కేబుల్ తెగిన రోజున ఇది ఏ పని చేస్తుంది? ఆసుపత్రి రోగుల వివరాలు, చౌకదుకాణాల పట్టికలు, భూమి పత్రాలు ప్రధాన భూభాగంలో ఒకచోట, ద్వీపంలోనే మరొకచోట ఉండాలి. కేబుల్ ఉన్నది కదా అని ఉపగ్రహ మార్గాన్ని వదులుకోరాదు. యంత్రంలోనే కాపురముండే ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ వదులుకోరాదు. చెన్నైలోని సీడాక్ రూపొందించిన 'బాస్' వంటిది తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేస్తుంది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. ఇక సామాన్యుడు తన ముఖ్యమైన పత్రాలకు, పిల్లల ఫొటోలకు ఒక ప్రతిని చిన్న డిస్కులో తన ఇంట్లో ఉంచుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

ఈ జాగ్రత్తలు ద్వీపవాసికి మాత్రమే అనుకుంటే పొరపాటు. తన రాతలను, లెక్కలను, జ్ఞాపకాలను దూరపు సర్వరుకు అప్పగించిన ప్రతి మనిషీ, ఢిల్లీలో ఉన్నా గుంటూరులో ఉన్నా, ఒక సన్నని దారంతో ఒడ్డుకు కట్టిన ద్వీపమే. ఓడ కోసం రేవులో ఎదురుచూసే అండమాన్ గృహస్థు ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకు వస్తాయో చూసుకొని మరీ ఎదురుచూస్తాడు. తక్కినవారు అతని నుంచి నేర్చుకోవలసింది అదే.