మోటారు షెడ్డులోని సంగీతము

గడచిన దసరా సెలవులలో నొకనాటి సాయంకాలమున నేను మఠంపల్లి వీధిని నడచి పోవుచుండగా, ఒక రైతు తన ట్రాక్టరును నిలుపుకొను రేకుల షెడ్డునుండి విపరీతమైన చప్పుడు వినవచ్చినది. ఎవరో ఇంజను బాగుచేయుచున్నారని మొదట తలంచితిని. తలుపుసందున తొంగిచూడగా మన పాఠశాల విద్యార్థులే మువ్వురు కానవచ్చిరి. ఒకనిచేత పాత గిటారు గలదు. దానికి రెండు తీగెలు లేవు. రెండవవాడు బోర్లించిన నూనెడబ్బాను, ఒక ప్లాస్టిక్కు పీపాను ప్రక్కప్రక్కన బెట్టుకొని కఱ్ఱపుల్లలతో వాయించుచుండెను. మూడవవాడు పాడుచుండెననుటకన్న నరచుచుండెననుట నిజము. నేను పలుకరించులోపలనే ఇంటి పెద్దాయన వచ్చి, "ఏందిర ఈ లొల్లి! సెలవులిచ్చింది ఇందుకేనా?" అని వారిని వెడలగొట్టెను. పిల్లలు తలలు వంచుకొని పోయిరి. ఆయన నావైపు తిరిగి, "మీరన్న చెప్పరాదా, సారూ" అనెను. ఏమి చెప్పవలెనో నాకా క్షణమున తోచలేదు. ఈ వ్యాసమే ఆయనకు నా ప్రత్యుత్తరము.

మరునాడు పిల్లలను పిలిచి యడిగితిని. స్వీడను దేశపు 'ది హైవ్స్' అను బృందమువారి క్రొత్త ఆల్బమును ఫోనులో వింటిమనియు, అట్టి పాట నొకదానిని తామును కట్టవలెనని యత్నించుచుంటిమనియు వారు చెప్పిరి. ఆ ఆల్బమును నాకు కూడ వినిపించిరి. దాని పేరు 'ది హైవ్స్ ఫరెవర్ ఫరెవర్ ది హైవ్స్'. 2025 ఆగష్టు 29వ తేదీన వెలువడినది. హైవ్స్ అనుమాటకు ఆంగ్లమున తేనెపట్టులనియు, ఒంటిమీది దద్దురులనియు రెండర్థములు గలవు. మొదటి పాట ముగియులోపల నాకు రెండవ యర్థమే సరియని తోచినదని దాచక చెప్పుచున్నాను. రెండవమారు విన్నపుడు గాని ఆ గోలలో నొక క్రమమున్నదని గ్రహింపలేకపోతిని.

ఈ జాతి సంగీతమునకు గరాజ్ పంక్ అని పేరు. గరాజ్ అనగా మోటారుకారు నిలుపు షెడ్డు. 1964 ఫిబ్రవరిలో ఇంగ్లండునుండి బీటిల్సు బృందము అమెరికాకు వచ్చిన పిమ్మట, ఆ దేశపు బాలురనేకులు గిటారులు కొనిరి. ఇంటిలోపల వాయించిన పెద్దలు సహింపరు గనుక కారుషెడ్డులలో చేరి వాయించిరి. కావున మన పిల్లలు ట్రాక్టరు షెడ్డును వెదకుకొనుట యెవరును నేర్పకయే సంప్రదాయానుసారముగా జరిగినది! పంక్ అనునది మొదట తిట్టుమాట. పనికిమాలినవాడని దాని భావము. న్యూయార్కు నగరపు రామోన్స్ బృందము 1976లో వెలువరించిన మొదటి ఆల్బములో 14 పాటలు గలవు. అన్నియు కలిసి 29 నిముషములు. కార్డులు అనబడు స్వరమేళనములు మూడు నేర్చినవాడు పాట కట్టవచ్చుననుటయే ఆ సంగీతముయొక్క మూలసూత్రము.

తలిదండ్రుల భయము మన యూరిలోనే పుట్టినది కాదు. 1963లో ఆరిగను రాష్ట్రమందలి పోర్ట్‌లండు నగరమున కింగ్స్‌మెన్ అను బృందము 'లూయీ లూయీ' అను పాటను రికార్డు చేసినది. మైకు చాల ఎత్తున వ్రేలాడుచుండినందున గాయకుడు మెడ నిక్కించి అరువవలసివచ్చినది. ఒక్కమాటయు స్పష్టముగా వినబడదు. వినబడని మాటలలో నేమేమో బూతులున్నవని పుకారు పుట్టినది. తలిదండ్రులు ప్రభుత్వమునకు ఉత్తరములు వ్రాసిరి. అమెరికా కేంద్ర నేరపరిశోధక శాఖవారు ఆ రికార్డును వేగముగాను, మెల్లగాను త్రిప్పి త్రిప్పి, ఇంచుమించు రెండు సంవత్సరములు పరిశోధించి, తుదకు మాటలు తెలియరాకున్నవని తేల్చిరి. ఆ పాటను అంతకు ముందే రిచర్డు బెర్రీ యను నాతడు రచించియుండెను. అందున్నది దూరదేశమున నున్న యొక నావికుడు తన ప్రియురాలిని తలంచుకొనుట మాత్రమే. పాడిన గాయకునే పిలిచి యడిగియుండినచో ఒక్కదినముతో పోవు పని.

ఇక ధ్వని కఱకుదనమునుగూర్చి. "ఇంపుగా వాయింపరాదా? ఆ బరబర యేల?" యని యడుగుదురు. ఇంగ్లండున కింక్స్ బృందమందలి డేవ్ డేవీస్ 1964లో తన స్పీకరులోని కాగితపు శంకువును క్షౌరపు బ్లేడుతో కోసి ఆ బరబరను బుద్ధిపూర్వకముగా పుట్టించెను. ఇది విని నవ్వువారు మన తంబురాను జ్ఞాపకము చేసికొనవలెను. తీగెకును గుఱ్ఱమునకును నడుమ నూలుపోగును జొప్పించి, నాదము సన్నగా ఝుమ్మనునట్లు మనవారు సవరించుకొందురు. కేవలము నునుపైన ధ్వని మన పెద్దలకును రుచింపలేదన్నమాట. డప్పు మాటయో? గడ్డిమంటకు కాచి, తోలు బిగిసి ఖంగుమనువరకు ఆగి, కుడిచేత చిఱ్ఱయు, ఎడమచేత సిటికెన పుల్లయు పట్టి దరువు వేయుదురు. ఆ దరువు ప్రక్కయూరికి వినబడుటకే పుట్టినది. దానిని విని చెవులు మూసికొనువారు మన ప్రాంతమున నేటికిని గలరు. కాని అది చెవులకన్న కులమునకు సంబంధించిన సంగతి. దానిని విస్తరింప నిచట తావు లేదు.

హైవ్స్ వారి స్వస్థలము ఫాగెర్‌స్టా. స్వీడను నడిమిభాగమున నున్న చిన్న పట్టణము. జనులు సుమారు 12,000. ఉక్కు కర్మాగారముల వలన బ్రతుకుచున్న యూరు. మన మండలమున సున్నపురాతి గుట్టలును, సిమెంటు కర్మాగారములును ఉన్నట్లే అచట ఉక్కు. అట్టి యూరిలో పెల్లె ఆల్మ్‌క్విస్ట్, నిక్లాస్ ఆల్మ్‌క్విస్ట్ అను అన్నదమ్ములు తోడివారిని కూర్చుకొని 1993లో ఈ బృందమును స్థాపించిరి. రాజధానికి పోయి సంగీతజ్ఞులైన పిమ్మట కాదు, ఊరిలో నుండగనే మొదలిడిరి. 1997లో తొలి ఆల్బము వచ్చినది. 2000లో వచ్చిన 'వేనీ విడీ విషియస్' వారిని దేశదేశముల ప్రసిద్ధులను చేసినది. 2012కును 2023కును నడుమ పదునొకండేండ్లు ఒక్క ఆల్బమును రాలేదు. క్రొత్తది ఏడవది.

వీరియందు విద్యార్థులు గమనింపవలసిన యొక విశేషమున్నది. వీరందఱును వేదికమీద నలుపు తెలుపు రంగులలో నొకే తీరు దుస్తులు ధరింతురు. యూనిఫారము వేసికొనుమన్న ముఖము ముడుచు మన బాలురు, తాము మెచ్చిన అల్లరివారే యూనిఫారము ధరించుట చూచి నాయెదుట కొంచెము తికమకపడిరి. పైకి అల్లరివలె కనబడునది లోపల గట్టి సాధన. అందఱు నొక్కమారుగా ఆగుదురు, అరక్షణము నిశ్శబ్దము, మరల నందఱు నొక్కమారుగా అందుకొందురు. అది యాదృచ్ఛికముగా రాదు. నూనెడబ్బా వాయించువాడు నాతో, "సార్, ఆగుడే కష్టమున్నది" అనెను. ఆ యొక్కమాటతో వాడు సంగీతమును నేర్చుచున్నాడని నాకు నమ్మకము కలిగినది.

ఆల్బము మంచిదా యని యడిగినచో, సగము మంచిదందును. మొత్తము అరగంటకు కొంచెము మించును. విసుగు పుట్టులోపల ముగియును. 'ఇనఫ్ ఈజ్ ఇనఫ్' అను పాటలో కోపము నిజమైన కోపమువలె నున్నది. కాని ఆత్మస్తుతి మిక్కుటము. పేరులోనే తమ పేరు రెండుమారులు చెప్పుకొనిరి! ఇరువదియైదేండ్ల క్రిందటి పాటలను నడుమ జొప్పించినను పోల్చుకొనుట కష్టము. క్రొత్తదారి త్రొక్కినారా యన్నచో, లేదు. వారి వయస్సువారు చల్లబడక అదే వేడితో వాయించుట మాత్రము మెచ్చదగినది.

మరియొక వింత గలదు. తమ పాటలన్నియు రాండీ ఫిట్జ్‌సిమ్మన్స్ అను అజ్ఞాత పురుషుడు వ్రాయుచున్నాడని వీరు మొదటినుండియు చెప్పుచు వచ్చిరి. ఆ పేరు నిక్లాసు పెట్టుకొన్న మారుపేరే యని పత్రికలు వ్రాసినవి, బృందము ఒప్పుకొనలేదు. 2023 నాటి ఆల్బమునకు ఆ లేని మనుష్యుని మరణమునే పేరుగా పెట్టి, ఆయన సమాధిని త్రవ్వగా ఈ పాటలు దొరికినవని కథ యల్లిరి. వినోదమే కావచ్చును. కాని నా మనస్సు వెంటనే మన జిల్లాకు మరలినది. తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొనిన బండి యాదగిరి 'బండెనక బండి' అను పాటను కట్టెను. నాటి నల్లగొండ జిల్లా పల్లెలలో ఆ పాట నెఱుగనివారు లేరు. 'మాభూమి' చిత్రమున గద్దరు దానిని పాడిన పిమ్మట లోకమెల్ల వ్యాపించినది. నేడు మన విద్యార్థులను అడుగుడు: పదింట తొమ్మండుగురు అది గద్దరు పాటయే యందురు. అచ్చట లేని కవిని పుట్టించి సమాధి కట్టిరి. ఇచ్చట ఉన్న కవి పేరును మనము పోగొట్టుకొనుచున్నాము. అదే చిత్రమున వినబడు 'పల్లెటూరి పిల్లగాడా' అను పాటను కట్టిన సుద్దాల హనుమంతు కూడ నాటి నల్లగొండ జిల్లావాడే. బడికి పోవలసిన వయస్సున పసులగాయు పిల్లవానినిగూర్చిన ఆ పాటను బడిలో కూర్చున్న మన పిల్లలు ఎఱుగకుండుట నాకు వింతగా నున్నది. వీరెవరును సంగీత కళాశాల మెట్లెక్కి పాట కట్టినవారు కారు. సూటియైన మాట, నాలుగు స్వరముల బాణీ, గట్టి దరువు. గరాజ్ పంక్ అనుదానికి నాకు తెలిసిన తెలుగు అదియే.

ఇప్పుడసలు సంగతికి వచ్చెదను. ఇటీవల ఏ పాఠశాల వార్షికోత్సవమునకు పోయినను కార్యక్రమమంతయు నొకే తీరున నున్నది. సినిమాపాట రికార్డును పెద్ద పెద్ద స్పీకరులలో వేయుదురు. పిల్లలు అద్దె దుస్తులు ధరించి దానికి తగినట్లు చేతులు కాళ్లు ఆడింతురు. తలిదండ్రులు ఫోనులలో చిత్రించుకొని ఆనందింతురు. పాడినది ఎవరో, వాయించినది ఎవరో. ఆ చప్పుడు షెడ్డులోని చప్పుడుకన్న పదిరెట్లు పెద్దది. దానిని గోలయని యెవరును వెడలగొట్టరు. రెండుతీగెలు లేని గిటారుమీద బాలుడు స్వయముగా తీసిన ధ్వనిని మాత్రము సహింపలేము! ఇది నాకు న్యాయముగా తోచలేదు.

బాలికల మాటయు చెప్పవలెను. లాస్ ఏంజెలీసు నగరమున లిండా లిండాస్ అను నలుగురు బాలికల బృందము 2021లో నొక గ్రంథాలయమందు పాడినది. అప్పుడు వారిలో చిన్నదానికి పదేండ్లు. తరగతిలో ఒక బాలుడు తనతో అవమానకరముగా మాటలాడెనని ఆ చిన్నది తోడి బాలికతో కలిసి కట్టుకొనిన పాట అది. వారి రెండవ ఆల్బము 2024 అక్టోబరులో వెలువడినది. మన బాలికలకును చెప్పుకొనవలసిన కోపతాపములు కొన్ని యుండును. వారికి కోలాటము మాత్రమే తగునని మనము ముందుగనే నిర్ణయింపనక్కరలేదు.

పెద్దల ఆక్షేపణలలో న్యాయమైనవియు గలవు. పదవ తరగతి పరీక్షల నెలలో ఈ ముచ్చట కూడదు. మితిమీరిన ధ్వని చెవులకు హాని చేయును. రేకుల షెడ్డులో మఱియు నెక్కువ. అన్నిటికన్న ముఖ్యముగా, అర్థము తెలియని ఆంగ్లమును అరచుట వ్యర్థము. 1970, 1971 సంవత్సరములలో మన దేశమున 'సిమ్లా బీట్' అను పోటీలు జరిగి, పలు నగరముల యువకుల పాటలు రికార్డులుగా వెలువడినవి. పోటీలను పెట్టినది సిగరెట్టు కంపెనీ యనుట అటుంచుడు. ఆ పిల్లలు చక్కగా వాయించిరి, కాని ప్రధానముగా ఆంగ్లముననే పాడిరి. తమ వీధి ఆ పాటలలో లేదు. అంతకన్న మన హైదరాబాదు చౌరస్తా బృందము మేలుపని చేసినది. రెగే యను విదేశలయను తెచ్చి తెలుగు మాటలకు తొడిగినది. 2020లో కరోనా రోగము ప్రబలినపుడు చేయి చేయి కలుపవలదని వారు పాడిన పాట మన పల్లెలకును చేరినది.

కావున పాఠశాల అధికారులకు నా విన్నపము చిన్నది. రాబోవు వార్షికోత్సవమున పావుగంట కాలము రికార్డులేని పాటకు కేటాయింపుడు. పాట తెలుగున నుండవలెను, పిల్లలే కట్టవలెను. సాగరు ఎడమకాలువ నీటినిగూర్చియో, సిమెంటు దుమ్మునుగూర్చియో, హుజూర్‌నగరు బస్సు రాకపోవుటనుగూర్చియో వారి యిష్టము. గిటారుకు ప్రక్కన డప్పు నుంచుడు. తప్పులు పోవును, శ్రుతి తప్పును, సభలో కొందఱు నవ్వుదురు. నవ్వనిండు. సాధనకు శనివారపు మధ్యాహ్నములు చాలును.

షెడ్డు పెద్దాయనను మొన్న మరల కలిసికొంటిని. ఈ సంగతులన్నియు చెప్పగా నవ్వి, చిన్ననాట తానును కాముని పున్నమకు పగిలిన డబ్బాలు వాయించి తండ్రిచేత దెబ్బలు తింటినని యొప్పుకొనెను. యాసంగి దమ్ముపనులు ముగియువరకు ట్రాక్టరు పొలములమీదనే యుండును గనుక షెడ్డు ఖాళీయే. రాత్రి ఎనిమిది గంటలలోపల ముగించినచో తనకభ్యంతరము లేదనెను. ఇక గిటారునకు రెండు తీగెలు కావలెను. కోదాడ పోవువారెవరైన నుండినచో నాకు తెలియజేయ గోరుచున్నాను; డబ్బు నేనిచ్చెదను.