వర్క్‌షాపు చూసి చేర్చండి

పదో తరగతి ఫలితాలు వెలువడగానే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో రచ్చబండల వద్ద ఒకటే చర్చ. పాలిసెట్ రాసిన పిల్లవాణ్ణి ఏ బ్రాంచిలో చేర్చాలి? మంచి ర్యాంకు వస్తే కంప్యూటరు, రాకపోతే మెకానికల్ అని తీర్పు చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. యంత్రాల చదువు మార్కులు రానివాళ్ల చదువు అన్న ఈ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో గాని, దానివల్ల పిల్లలకు జరుగుతున్న చెరుపు ఇంతా అంతా కాదు.

ఈ ప్రాంతానికి ఇంజనీరింగు విద్య కొత్తది కాదు. మద్రాసు గిండీలో 1946లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురానికి తరలి వచ్చింది. కర్మాగారాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి తొలి కారు బయటకు వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల యువకులు ఉద్యోగాల మీద ఆశలు పెంచుకోవడం సహజమే. కాని తయారీ కర్మాగారం ఏదైనా, డిప్లొమా చదివిన కుర్రవాణ్ణి మార్కుల జాబితాతో పాటు మరో ప్రశ్న అడుగుతుంది. నీకు ఏ యంత్రం మీద పని వచ్చు?

ఆ పని ఎంత సున్నితమైనదో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వేరుశనగ కాయలు ఒలిచే యంత్రంలో జల్లెడకూ కడ్డీలకూ మధ్య సందు తగ్గితే పప్పు పగులుతుంది, పెరిగితే కాయ ఒలవకుండానే కింద పడుతుంది. మోటారు బేరింగు సంగతీ అంతే. 6205 నంబరు బేరింగు లోపలి కన్నం 25 మిల్లీమీటర్లు. దానిలోకి వెళ్లే షాఫ్టు మిల్లీమీటరులో వందో వంతు ఎక్కువగా ఉంటే బేరింగు బిగువుగా కూర్చుంటుంది. అయిదు వందో వంతులు తక్కువైతే లోపలి రింగు షాఫ్టు మీద జారి తిరిగి, వేడెక్కి, షాఫ్టునే అరగదీస్తుంది. ఆ తేడా కంటికి ఆనదు. మైక్రోమీటరుతో కొలవడం, లేత్ మీద ఆ కొలతకు చెక్కడం చేతికి అలవాటు కావాలి. అందుకే డిప్లొమాలో ఫిట్టింగు, వడ్రంగం, కొలిమి పని, వెల్డింగు, లేత్ పని పెట్టారు. అంకెలతో నడిచే సి.ఎన్.సి. యంత్రాలు వచ్చాక చేతిపని అక్కరలేదనుకోవడం పొరపాటు. ఒక్క అంకె తప్పు కొడితే పనిముట్టు వెళ్లి నేరుగా ఇనుముకు గుద్దుకుంటుంది. కోత ఎలా పడుతుందో చేత్తో చేసి చూసినవాడే ఆ తప్పును ముందుగా పసిగడతాడు.

విచారకరమైన విషయం ఏమంటే కొన్ని కళాశాలల్లో ఈ యంత్రాలకు దుమ్ము పట్టి ఉంది. ఒక లేత్ చుట్టూ బ్యాచి అంతా నిలబడి చూడటమే ప్రాక్టికల్ అవుతోంది. రికార్డు పుస్తకాలు మాత్రం ఒకరిది చూసి మరొకరు రాయగా చక్కగా నిండుతున్నాయి! మూడేళ్లలో ఆరు నెలలు కర్మాగారంలో శిక్షణ పొందాలని నిబంధన ఉంది. దాన్నీ ఒక సర్టిఫికెట్టుతో సరిపెట్టుకునే వారున్నారు. ఫీజు ప్రభుత్వమే చెల్లించినా, హాస్టలుకూ బస్సుకూ అప్పు చేసే తండ్రికి ఈ లోగుట్టు ఎలా తెలుస్తుంది?

చదువు సవ్యంగా సాగితే దారులకు కొదవ లేదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అప్రెంటిసు చట్టం 1961 నాటిది. 1973 సవరణతో డిప్లొమా, డిగ్రీ ఇంజనీర్లకూ అందులో చోటు దక్కింది. భృతి తీసుకుంటూ పని నేర్చుకునే ఈ అవకాశం గురించి పల్లెల్లో తెలిసినవారు తక్కువ. అచ్చులు, డైల తయారీ నేర్పడానికి హైదరాబాదు బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో పదో తరగతి తర్వాత చేరే డిప్లొమా ఉంది. ఐటీఐలో ఫిట్టరు, టర్నరు కోర్సులు రెండేళ్లవి. వాటినీ చిన్నచూపు చూడనక్కరలేదు. ఆడపిల్లలకు ఈ పని తగదనే మాటకు అసలు అర్థం లేదు. మైక్రోమీటరు ఎవరి చేతిలోనైనా ఒకే కొలత చూపిస్తుంది.

తల్లిదండ్రులు కళాశాల మేడను, బస్సులను చూసి నిర్ణయించుకోకుండా నేరుగా వర్క్‌షాపులోకి వెళ్లాలి. ఎన్ని లేత్‌లు తిరుగుతున్నాయి, ఒక్కో విద్యార్థికి యంత్రం మీద వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, నిరుడు శిక్షణకు ఎక్కడికి పంపారు అని అడగాలి. లోపలికి రానివ్వకపోతే అదే సమాధానం అనుకోవచ్చు. సాంకేతిక విద్యాశాఖ అధికారులు కూడా రికార్డు పుస్తకాలపై సంతకాలతో తృప్తి పడరాదు. వెబ్ ఆప్షన్లకు ముందు ఒక రోజు ప్రతి పాలిటెక్నిక్ వర్క్‌షాపునూ గ్రామస్థులకు తెరిచి ఉంచాలని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ రోజు మెయిన్ స్విచ్ వేసి, యంత్రాలను విద్యార్థుల చేతనే నడిపించి చూపాలి.